విరూపణ్ణకు పవర్స్ ఉన్నాయా?

కాస్త మంట దగ్గరికి జరగండి. హిందూపురం చలి గురించి ధర్మవరం వాళ్ళకు చెబితే నవ్వుతారు. "యాడో కాశ్మీరంలో ఉన్నట్టు చెప్తావే" అంటారు. డిసెంబరులో ఒక్క రాత్రి ఇక్కడ ఆరుబయట కూర్చుంటే తెలుస్తుంది వాళ్ళకి. మా ఇంటావిడ అనపకాయలు ఉప్పేసి ఉడకబెట్టి ఇచ్చింది. ఒలుచుకుంటూ మాట్లాడుకుందాం.

ఈ కబురు మా మేనల్లుడి వల్ల వచ్చింది. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు వాడు. పోయిన వారం సాయంత్రం వచ్చి ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"మామా, పన్నెండు దినాల కింద రెండు వేల బ్రాకెట్లు వచ్చినాయి. సగానికి సగం రంధ్రాలు తప్పు. ఆ సప్లయరుకు అప్పుడే చెప్పినా. వస్తాం చూస్తాం అంటాడు, రాడు. పైగా బిల్లు పంపినాడు."

"రాసి చెప్పినావా?"

"ఫోన్ చేసినా గదా మామా."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఈ "ఫోన్ చేసినా గదా" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. నేను లాయర్ని కాను. మెయింటెనెన్సులో చేరి, కొన్నాళ్ళు పర్చేజు చూసి, ప్లాంటు మేనేజరుగా రిటైరైనవాణ్ణి. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివితే బాయిలరు నేర్పారు, బీము నేర్పారు. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఏం చూడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. లాయర్ల ఎదురుగా బల్లకు ఈవల కూర్చుని, డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నదే నాకు వచ్చిన లా అంతా.

వాడి బ్రాకెట్ల సంగతికి మళ్ళీ వస్తాను. ముందు లేపాక్షి పోదాం రండి. మన ఊరి నుంచి పదిహేను కిలోమీటర్లే గదా.

కథ మీకు తెలిసిందే. విజయనగరాన్ని అచ్యుత దేవరాయలు ఏలుతున్న కాలం, అంటే 1529 నుంచి 1542 దాకా. పెనుకొండలో రాజుగారి ఖజానా చూసే విరూపణ్ణ తన తమ్ముడు వీరణ్ణతో కలిసి కూర్మశైలం మీద వీరభద్రస్వామి గుడి కట్టించాడు. కప్పు నిండా బొమ్మలు, నేలకు ఆనని స్తంభం, ఊరి బయట ఒకే రాతిలో బసవన్న. డబ్బంతా ఖజానాదే, రాజుకు మాత్రం చెప్పలేదట. రాజు వచ్చి లెక్కలడిగితే లేవు. కళ్ళు తీయించమని ఆజ్ఞ అయింది. ఇంకొకరి చేత ఎందుకని విరూపణ్ణే తన కళ్ళు పెరికి గోడకేసి కొట్టాడనీ, ఇవిగో ఆ మరకలనీ గైడు ఇప్పటికీ గోడ మీద ఎర్రటి మచ్చలు చూపిస్తాడు. చరిత్రకారుల లెక్క ఎలా ఉన్నా జనం లెక్కలో కథ ఇది. కల్యాణ మంటపం మాత్రం నిజంగానే సగంలో ఆగి ఉంది, స్తంభాలే తప్ప కప్పు లేదు.

చిన్నప్పుడు విన్నప్పుడల్లా విరూపణ్ణ మీద జాలి వేసేది. పర్చేజు డిపార్టుమెంటుకు మారిన తర్వాత ఒకసారి చుట్టాలను తీసుకుపోయి అక్కడ నిలబడితే వేరే ప్రశ్న పుట్టింది. విరూపణ్ణకు పవర్స్ ఉన్నాయా? అంటే, అంత ఖర్చు పెట్టే అధికారం ఆయనకు కాగితం మీద ఎవరైనా ఇచ్చారా?

మన దేశంలో వ్యాపారం అంతా ఇప్పటికీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం మీదే నడుస్తోంది. అందులో ఏజెన్సీ అని ఒక అధ్యాయం ఉంది. ఒకరి తరఫున ఇంకొకరు మాట ఇస్తే ఎవరు కట్టుబడాలి అన్నదే దాని గొడవంతా. ఇంజనీరింగు మేనేజరు ఎవరు? పొద్దుటి నుంచి రాత్రి దాకా కంపెనీ తరఫున మాటలిచ్చేవాడు. ఆ అధ్యాయం పెట్టుకుని లేపాక్షి కేసు చూడండి, భలే ఉంటుంది.

శిల్పుల సంగతి తీసుకుందాం. వాళ్ళకు కూలి బాకీ ఉందనుకోండి. వాళ్ళు పోయి రాజునే అడగొచ్చు. "స్వామీ, పెనుకొండలో మీ ఖజానా తాళాలు ఆయన చేతిలో పెట్టింది మీరే. ఆయన పని చెబితే మీ పనే అనుకుని చేశాం. లోపల మీరిద్దరూ ఏం అనుకున్నారో మాకేం తెలుసు?" చట్టం శిల్పుల వైపే నిలబడుతుంది. యజమాని తన నడవడితో బయటివాళ్ళకు 'ఇతనికి అధికారం ఉంది' అనే నమ్మకం కలిగిస్తే, లేదని తర్వాత తప్పించుకోలేడు. 237వ సెక్షను. ఇక రాజుకూ విరూపణ్ణకూ మధ్య లెక్క వేరు. యజమాని చెప్పినట్టు చేయకుండా సొంతంగా పోతే వచ్చిన నష్టానికి ఏజెంటే జవాబుదారీ. కాబట్టి శిల్పులకు రాజు ఇచ్చుకోవాలి, రాజుకు విరూపణ్ణ ఇచ్చుకోవాలి.

అసలు మజా ఇంకొకటి. చెప్పకుండా చేసిన పనిని యజమాని తర్వాత ఒప్పుకుంటే, మొదటి నుంచీ అధికారం ఉన్నట్టే లెక్క. ర్యాటిఫికేషను అంటారు దాన్ని. నోటితో ఒప్పుకోనక్కర్లేదు, నడవడితో ఒప్పుకున్నా చాలు. రాయలవారు విరూపణ్ణకు శిక్ష వేశారు గానీ గుడిని మాత్రం ఉంచుకున్నారు! పూజలు ఆపించలేదు, రాళ్ళు తిప్పి పంపలేదు. నన్నడిగితే విరూపణ్ణకు అప్పీలుకు మంచి పాయింటు ఉంది. ఆ రోజుల్లో హిందూపురం కోర్టూ లేదు, మా లాయరుగారూ లేరు.

నవ్వకండి. ఇదే కేసు మన ఫ్యాక్టరీల్లో వారానికొకసారి జరుగుతోంది. ఆయుధపూజ లోపల షెడ్డు కావాలి. మేనేజరు కాంట్రాక్టరును పిలిచి "నువ్వు పని మొదలుపెట్టప్పా, పీవో వెనకాలే వస్తుంది" అంటాడు. వాడు మొదలుపెడతాడు. షెడ్డు లేస్తుంది. పీవో, అంటే పర్చేజ్ ఆర్డరు, రాదు, ఎందుకంటే ఆ మేనేజరుకు రెండు లక్షల దాకానే పవర్స్, షెడ్డుకయింది తొమ్మిది లక్షలు. ఫైనాన్సు వాళ్ళు "ఆర్డరే లేదు, బిల్లేంది?" అంటారు. షెడ్డు కింద మాత్రం అప్పటికే కాయిల్సు పేర్చి ఉంటారు. ఊరకే ఇచ్చే ఉద్దేశం లేకుండా ఒకడు చేసిన పని ఫలితం అనుభవిస్తే దానికి తగినంత ఇచ్చుకోవాలని అదే చట్టంలో 70వ సెక్షను ఉంది. కంపెనీ కట్టక తప్పదు. కట్టిన తర్వాత లోపల ఒకరి కళ్ళు పోతాయి. ఎవరివో చెప్పనక్కర్లేదు.

కాబట్టి మీ కంపెనీలో మీకు ఎంత దాకా సంతకం పెట్టే అధికారం ఉందో రాసిన కాగితం ఒకటుంటుంది, డెలిగేషన్ ఆఫ్ పవర్స్ అని. చూశారా ఎప్పుడైనా? నేను ఉద్యోగంలో చేరిన పదకొండేళ్ళకు మొదటిసారి చూశాను. అదీ ఆడిటరు చూపిస్తే.

ఇక్కడ మా మేనల్లుడు అడ్డుపడ్డాడు. "సంతకం పెట్టలేదు గదా మామా, ఊరికే మెయిల్లో ఓకే అన్నా అంతే. దానికీ కట్టుబడాల్నా?"

కట్టుబడాల్సిందే. నోటిమాట కూడా కాంట్రాక్టే నాయనా. కొన్నింటికి మాత్రం రాతకోత తప్పనిసరి, మిగతాదంతా మాట మీద నడవొచ్చు. రుజువు చేసుకోవడమే కష్టం. మెయిలైతే ఆ కష్టం కూడా లేదు. ఆస్ట్రేలియా నుంచి బాక్సైటు ఓడలు తెప్పించే విషయంలో ట్రైమెక్స్, వేదాంత కంపెనీల మధ్య వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇదే తేల్చింది. పెద్ద కాంట్రాక్టు పత్రం తర్వాత రాసుకుందామనుకున్నారు, సంతకాలు కాలేదు. అయినా మెయిళ్ళలో సరుకు, ధర, ఓడలు, షరతులు కుదిరాయి, ఓకే అన్నారు, ఇక ఒప్పందం పూర్తయినట్టే అంది కోర్టు. మీరు బస్సులో నిలబడి బొటనవేలితో కొట్టిన 'ఓకే' ఐదు ఓడల బాక్సైటును కదిలించగలదు. ఇంకా మాటలు నడుస్తున్నాయనుకుంటే, "ఇది తుది అంగీకారం కాదు, పీవో వచ్చాకే" అని ఒక ముక్క చేర్చండి. ఏం పోయింది?

ఇప్పుడు నా కళ్ళు ఎలా పోయాయో చెబుతాను.

తొంభైల్లో హిందూపురం చుట్టుపక్కలే ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు చూస్తున్నాను. కంపెనీ పేరు వద్దులెండి. పెద్ద గేర్‌బాక్సు ఒకటి పోయింది. కొత్తది ఆర్డరిచ్చాం, నెల గడువు. ఆ నెల పోయి ఇంకో మూడు వారాలు పోయింది. లైను ఆగిపోయి ఉంది. రోజూ ఎండీ ఫోను, రోజూ నేను సప్లయరుకు ఫోను. చివరికి ఒక రాత్రి పదకొండు గంటలకు లారీ వచ్చింది. ప్రాణం లేచొచ్చింది నాకు. డ్రైవరుకు టీ తెప్పించాను, చలానా మీద 'సరుకు మంచి స్థితిలో అందినది' అని రాసి పెద్ద సంతకం పెట్టాను. పైగా మరుసటి రోజు సప్లయరుకు థాంక్స్ చెబుతూ ఫ్యాక్సు కొట్టాను! మూడో వారానికి ఎండీగారు "ఆలస్యానికి నష్టం వసూలు చెయ్" అన్నారు. నోటీసు ఇచ్చాం. అటు లాయరు ఒకే ఒక్క పేరా జవాబు రాశాడు. ఆ పేరా నాకిప్పటికీ కంఠోపాఠం. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షను: గడువు తప్పి వచ్చిన సరుకును మీరు తీసుకుంటే, తీసుకునేటప్పుడే 'ఆలస్యానికి నష్టం అడుగుతాను' అని తెలియజేయాలి, లేకపోతే తర్వాత అడిగే హక్కు లేదు. మా ఆర్డరులో ఆలస్యానికి ఇంత కోత అన్న షరతు కూడా లేదు. మా లాయరుగారు నా ఫ్యాక్సు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "థాంక్స్ ఎందుకు చెప్పారండీ" అని మాత్రం అడిగారు.

చలానా మీద ఒక్క లైను చాలు. 'గడువు దాటి వచ్చింది. ఆలస్యం వల్ల నష్టం కోరే హక్కు ఉంచుకుని తీసుకుంటున్నాం.' అంతే. అర నిమిషం పని. మర్యాదకేం లోటు లేదు, డ్రైవరుకు టీ తాగించే రాయొచ్చు.

నష్టం అంటే ఎంత అని మీరు అడగాలి. దానికి ఒక ఇంజనీరింగు కథే ఆధారం, అందుకే నాకు ఇష్టం. ఇంగ్లండులో గ్లాస్టర్ అనే ఊళ్ళో ఒక పిండి మిల్లు. ఆవిరి ఇంజను క్రాంక్‌షాఫ్టు విరిగింది. కొత్తది పోత పోయాలంటే పాతది నమూనాగా గ్రీనిచ్‌లోని ఇంజనీర్లకు పంపాలి. రవాణా వాళ్ళు ఆలస్యం చేశారు, మిల్లు అన్ని రోజులు ఎక్కువగా మూతపడింది. ఆగిపోయిన లాభం అంతా ఇమ్మని మిల్లువాళ్ళు కేసు వేశారు. 1854లో తీర్పు. సాధారణంగా రాగల నష్టం ఇవ్వాలి. అసాధారణమైంది కావాలంటే, బేరం కుదిరేటప్పుడే అవతలివాడికి ఆ సంగతి తెలిసుండాలి. మిల్లు దగ్గర ఇంకో షాఫ్టు లేదనీ, ఇది రాకపోతే మిల్లు నడవదనీ బండివాడికి తెలియదు, కాబట్టి లాభం పోయిందని అతని మీద వేయడం కుదరదంది కోర్టు. మన కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను ఆ మిల్లు గింజల్లోంచే మొలిచింది.

దీన్ని తెచ్చి పెనుకొండలో పెట్టండి. 2017లో కియాతో రాష్ట్రం ఒప్పందం చేసుకుంది, 2019లో యర్రమంచి నుంచి కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైన ప్లాంటు. జొన్నచేలు, చెనిక్కాయ చేలు ఉన్న చోట హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు లేచాయి, చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా సరుకు గంటల లెక్కన లైను మీదికి చేరాలి. గోడౌన్లో నెలకు సరిపడా పెట్టుకునే కాలం పోయింది. ఒక చిన్న క్లిప్పు రాకపోతే లైను నిలుస్తుంది. ఆ నిలిచిన నిమిషాల ఖర్చు ఎవరిది? గ్లాస్టర్ మిల్లువాళ్ళు చెప్పడం మరిచిన మాటను ఇప్పుడు కార్ల కంపెనీలు తమ కాగితాల్లో ముందే రాసేస్తాయి: నీవల్ల లైను ఆగితే ఆ ఖర్చు నీది అని. అది చదివి సంతకం పెట్టిన చిన్న సప్లయరు, 'నాకు తెలియదు' అనడానికి లేదు. నిమిషానికి ఇంత అని ఉంటుంది. ఆ అంకెను మీ మొత్తం ఆర్డరు విలువతో పోల్చి చూసుకోండి, ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి ఏడుపొస్తుంది. దానికి ఒక పైపరిమితి అడగండి, ఆర్డరులో ఐదు శాతమనో, పది శాతమనో. అడిగితే ఇచ్చేవాళ్ళున్నారు. అడగనివాడికి ఎవడూ ఇవ్వడు. పరిహారం అంకె కాగితంలో రాసుకున్నా కోర్టు దాన్ని కళ్ళు మూసుకుని ఇప్పించదు, అంతకు మించకుండా న్యాయమైనంత ఇప్పిస్తుంది, అది 74వ సెక్షను. కానీ ఆ న్యాయం కోసం కోర్టు దాకా పోవాలి గదా.

ఏ కోర్టు? అది పీవో వెనక పేజీలో ఉంటుంది. ముందు పేజీలో ధర, సంఖ్య, గడువు. వెనక పేజీలో లేత బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ముప్పై నలభై షరతులు. అందులో ఒకటి: వివాదం వస్తే పూణె కోర్టుల్లోనే. లేదా చెన్నైలో ఆర్బిట్రేషను. తూముకుంటలో లేతు మిషన్లు పెట్టుకున్న మనిషి మూడు లక్షల బాకీ కోసం పూణెకు ఎన్ని వాయిదాలు తిరుగుతాడు? వెనక పేజీ చదవని ఇంజనీర్లలో నేనూ ఒకణ్ణి, సిగ్గు లేకుండా ఒప్పుకుంటాను. ఇందుకే చిన్న పరిశ్రమలవాళ్ళకు ఒక మంచి తోవ ఉంది, 2006 ఎంఎస్ఎంఈ చట్టంలో. ఉద్యం రిజిస్ట్రేషను ముందే చేయించుకున్న సూక్ష్మ, చిన్న పరిశ్రమకు కొన్నవాడు బాకీ పడితే, తమ రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిలుకే పోవచ్చు. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే. కౌన్సిలు ఇచ్చిన తీర్పును సవాలు చేయాలంటే కొన్నవాడు ముందు 75 శాతం డబ్బు కోర్టులో కట్టాలి. ఆ 'ముందే' అన్న మాట మరవకండి. గొడవ వచ్చిన తర్వాత పరుగెత్తిపోయి రిజిస్ట్రేషను చేయించుకుంటే పాత సరుకుకు పనికిరాదు.

ఉద్యోగం మారే కుర్రాళ్ళు ఎప్పుడూ అడిగేది ఒకటుంది గనక ఇక్కడే చెప్పేస్తాను. 'మానేసిన తర్వాత రెండేళ్ళు పోటీ కంపెనీలో చేరకూడదు' అని అపాయింట్‌మెంటు ఆర్డరులో ఉంటే మన దేశంలో అది చెల్లదు, 27వ సెక్షను. చేరండి. కానీ పాత కంపెనీ డ్రాయింగులు పెన్‌డ్రైవులో పెట్టుకుని చేరకండి. అది వేరే కథ, దానికి 27వ సెక్షను కాపు కాయదు.

ఇక ధర్మవరం. అక్కడ కాంట్రాక్టు చట్టం చదవకుండానే తరాలుగా ఒప్పందాలు నడుస్తున్నాయి. షావుకారు పట్టు, జరీ, డిజైను ఇస్తాడు. మగ్గం నేతగానిది. చీర దిగాక మజూరీ. అంతా ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటారు. చీర నేసింది ఒకరు, నూలు ఇంకొకరిది, మధ్యలో పాడైతే ఎవరి నష్టం అన్న లెక్కలు ఏ లా కాలేజీ కన్నా ఆ వీధుల్లో బాగా తెలుసు.

నేను చెప్పదలచింది మాత్రం ఒక మిత్రుడి గురించి. టెక్స్‌టైల్ ఇంజనీరు. ఊరు చెప్పను. ఒక మరమగ్గాల యజమాని ఆయన ముందు ధర్మవరం చీర పరిచి, "ఈ అంచు, ఈ కొంగు నా మిషను మీద వస్తుందా?" అని అడిగాడు. ఇంజనీరు కదా, చేతులు దురద పెట్టాయి. కంప్యూటరు జకార్డు బిగించి, డిజైను ఎక్కించి, పది రోజుల్లో నమూనా దించాడు. లేపాక్షి కప్పు మీది బొమ్మల్లోంచి ఆ డిజైన్లు వచ్చాయని ధర్మవరంలో చెప్పుకుంటారు. నాలుగైదు వందల ఏళ్ళ బొమ్మ పది రోజుల్లో మిషను మీదికి ఎక్కేసింది. వస్తుందా అన్న ప్రశ్నకు ఆయన జవాబు నూటికి నూరు పాళ్ళు సరైనది. నేయవచ్చా అన్నది ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషను చట్టం కింద కొన్ని రకాలు చేతిమగ్గానికే. అంచూ కొంగూ కలిగిన పట్టుచీరలు వాటిలో ఉన్నాయి. ఆ చట్టం చెల్లదని మరమగ్గాలవాళ్ళు సుప్రీంకోర్టు దాకా పోతే 1993లో చెల్లుతుందని తీర్పొచ్చింది. దీనికి తోడు ధర్మవరం చేనేత పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఎక్కడో నేసి ధర్మవరం చేనేత అని చీటీ కట్టి అమ్మితే అదో నేరం. తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడు యజమాని మొదటి మాటే, "మా ఇంజనీరు పెట్టినాడు సార్!"

ఆ చట్టం అమలు ఎంత బాగా జరుగుతోందో ధర్మవరం నేతగాళ్ళను అడిగితే వాళ్ళు చెప్పే మాటలు ఇక్కడ రాయలేను. ఏళ్ళ తరబడి ధర్నాలు చేస్తూనే ఉన్నారు. కానీ అమలు కాని చట్టం లేని చట్టం కాదు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరి మీద అమలవుతుంది, ఆ రోజు రికార్డులో మీ సంతకం ఉండకూడదు.

ఇంతసేపూ డబ్బు గురించి చెప్పాను. డబ్బుతో పోనివి ఉన్నాయి. భోపాల్ గ్యాసు కేసులో 2010 జూన్ 7న తీర్పు వచ్చినప్పుడు శిక్ష పడినవాళ్ళ హోదాలు నేను పేపర్లో ఒకటికి రెండుసార్లు చదివాను. చైర్మను ఉన్నాడు, సరే. వర్క్స్ మేనేజరు. ప్రొడక్షన్ మేనేజరు. ప్లాంటు సూపరింటెండెంటు. ప్రొడక్షన్ అసిస్టెంటు. అన్నీ మన కుర్చీలే. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ ట్యాంకు లీకై 12 మంది చనిపోతే, రెండు నెలలకు పోలీసులు సీఈఓతో కలిపి 12 మందిని అరెస్టు చేశారు. లాక్‌డౌనులో ట్యాంకు చల్లదనం చూసుకోవడం అనే మెయింటెనెన్సు పని అది. చదువుతుంటే నా వెన్నులో చలి పుట్టింది. ఇప్పుడు మంట ఉన్నా సరే తలుచుకుంటే అదే చలి.

1948 ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్ వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, ఫారాలు మారుతున్నాయి. ఫ్యాక్టరీకి ఆక్యుపయరు అని ఒకరు, మేనేజరు అని ఒకరు పేరు మీద జవాబు చెప్పాలన్నది మారలేదు. 'ఫ్యాక్టరీ మేనేజరుగా మీ పేరు ఇస్తున్నాం, ఇక్కడ సంతకం' అని హెచ్‌ఆర్ వాళ్ళు పళ్ళికిలించి కాగితం చాపితే, ప్రమోషను వచ్చిందని స్వీట్లు పంచకండి. గార్డు లేని ప్రెస్సు ఎన్ని ఉన్నాయో, రిలీఫ్ వాల్వు పరీక్ష ఎప్పుడయిందో ముందు చూడండి. బాగుచేయడానికి డబ్బు కావాలని రాసి అడగండి. ఇవ్వకపోతే మళ్ళీ రాయండి. మీరు అడిగిన కాగితమే ఒకనాడు మీ తరఫున మాట్లాడుతుంది.

సరే, మా వాడి బ్రాకెట్లు. మంట ఆరుతోంది, ఆ పుల్లలు ఇటు తొయ్యండి.

సప్లయరు చిన్న పరిశ్రమే, ఉద్యం నంబరు బిల్లు మీదే ఉంది. అంటే అదే 2006 చట్టం ఇప్పుడు మావాడికి ఎదురుగా నిలబడింది. సరుకులో లోపం ఉంటే, దిగిన నాటి నుంచి 15 రోజుల లోపల రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. చెబితే ఆ లోపం తీరిన రోజు నుంచి డబ్బు గడువు మొదలవుతుంది. రాయకపోతే దిగిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపల కట్టేయాలి. దాటితే రిజర్వు బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. ఇంకా, గడువు దాటిన ఆ బాకీని కట్టేదాకా ఇన్‌కంటాక్సులో ఖర్చుగా చూపించుకోవడానికి లేదు. ఈ రూలు వచ్చాక మార్చి నెలలో అకౌంట్సు వాళ్ళ ముఖాలు చూడాలి. అటు వస్తువుల అమ్మకం చట్టం, 1930 నాటిది, సరుకును తిప్పి పంపుతున్నానని సబబైన సమయంలో చెప్పకుండా అట్టే పెట్టుకుంటే తీసుకున్నట్టే అంటుంది. ఆ 15 రోజుల అభ్యంతరానికి మాత్రం ఫోను చాలదు.

"పన్నెండు దినాలయింది గదరా. ఇంకా మూడు దినాలుంది. ఫోన్ తీయ్" అన్నాను.

"ఇప్పుడా మామా? సోమవారం ఆఫీసుకు పోయి..."

"సోమవారానికి పద్నాలుగో దినం వస్తుంది. కొట్టు."

ఏం రాయాలో చెబుతుంటే వాడు కొట్టాడు. పీవో నంబరు, చలానా నంబరు, సరుకు దిగిన తేదీ. రెండు వేలల్లో ఎన్ని చూశాం, ఎన్నింట్లో రంధ్రం ఎంత తేడా, డ్రాయింగులో ఎంత ఉండాలి. ఫలానా తేదీన ఫోనులో కూడా చెప్పాం. ఈ సరుకును అంగీకరించడం లేదు, మీ సరుకుగానే స్టోర్సులో విడిగా పెట్టాం, వచ్చి తీసుకుపోండి, మార్చి ఇవ్వండి. ఫోటోలు జత చేశాడు. మొదట 'దయచేసి కోపగించుకోవద్దు సార్' అని రాశాడు, అది తీయించాను. 'మీ ఇంజనీర్లు చేతగానివాళ్ళు' అని ఇంకొకటి రాశాడు, అదీ తీయించాను. పర్చేజు మేనేజరుకు కాపీ పెట్టమన్నాను, మావాడికి సొంతంగా సరుకు తిప్పి పంపే పవర్స్ ఉన్నాయో లేదో ముందు ఆయన్ని ఫోనులో అడగమన్నాను కూడా. ఆయన అప్పటికి అన్నం తింటున్నాడట, "పెట్టు పెట్టు" అన్నాడు. "ఆ మాట కూడా వాట్సాప్‌లో పెట్టమను" అన్నాను. మావాడు నా వైపు అదోలా చూశాడు గానీ అడిగాడు. ఆయన పెట్టాడు.

తొమ్మిదీ నలభైకి మెయిల్ వెళ్ళింది.

మరుసటి రోజు ఆదివారం. పొద్దున్నే సప్లయరే ఫోన్ చేశాడట. ఎందుకు సార్ మెయిళ్ళూ గియిళ్ళూ, మనలో మనం, గురువారం లోపల మొత్తం మార్చి ఇస్తాం అన్నాడట. "సంతోషం సార్, ఆ ముక్క మెయిల్లో పెట్టండి" అన్నాడట మావాడు.